ఉద్వేగ ప్రజ్ఞ: కొలబద్దను బట్టి మారే లెక్క

మనుషుల్ని అర్థం చేసుకునే తెలివిని మనస్తత్వవేత్త థార్న్‌డైక్ 1920లోనే ‘సామాజిక ప్రజ్ఞ’ అన్నాడు. దాన్ని నమ్మకంగా కొలిచే సాధనం మాత్రం కుదరలేదు. 1990లో పీటర్ సాలవే, జాన్ మేయర్ ‘ఉద్వేగ ప్రజ్ఞ’కు నిర్వచనం ఇచ్చారు: తనలోని, ఇతరుల్లోని ఉద్వేగాలను గుర్తించి, ఆలోచనకూ పనికీ వాడుకునే నేర్పు. 1995లో డేనియల్ గోల్‌మన్ పుస్తకంతో ఆ మాట ఇంటింటికీ చేరింది. కొలత మాత్రం రెండు దారులు పట్టింది. జీవితం బాగుందన్న భావనకూ, అంటే శ్రేయస్సుకూ, ఈ ప్రజ్ఞకూ సంబంధం ఎంతన్నది ఏ దారిలో కొలిచామన్నదాన్ని బట్టి మారుతుంది.

మొదటిది పరీక్ష. మేయర్, సాలవే, కరూసోల పేరుతో 2002లో వచ్చిన ఉద్వేగ ప్రజ్ఞ పరీక్ష ఎంఎస్‌సీఈఐటీలో 141 అంశాలున్నాయి. ఒక ముఖంలో కోపమెంత, భయమెంత ఉన్నాయో చెప్పాలి. ఫలానా సందర్భంలో మనసును ఏ పని కుదుటపరుస్తుందో తేల్చాలి. మరి సరైన జవాబేది? 21 మంది ఉద్వేగ పరిశోధకుల అభిప్రాయంతోనో, వేలమంది ఇచ్చిన జవాబులతోనో పోల్చి మార్కులు వేస్తారు. నలుగురూ అన్నదే ఒప్పయితే, నలుగురికన్నా సూక్ష్మంగా గమనించినవాళ్లు నష్టపోవచ్చు. పైగా ఏం చేయాలో తెలియడం వేరు, కోపం ముంచుకొచ్చినప్పుడు చేయగలగడం వేరు.

రెండోది, ఎవరి గురించి వాళ్లే చెప్పుకునే ప్రశ్నావళి. మనస్తత్వవేత్త బార్-ఆన్ 1997లో ఇచ్చిన మాపనిలో (కొలత సాధనంలో) 133 వాక్యాలు, మరో మనస్తత్వవేత్త పెట్రైడ్స్ తయారుచేసినదానిలో 153. ఇవి నింపడం తేలిక. కానీ తన ఉద్వేగాలు తనకే పట్టనివాడు తన గురించి సరిగ్గా ఎలా చెప్పగలడు?

శ్రేయస్సు కొలతకు డైనర్ బృందం 1985లో ఇచ్చిన జీవన సంతృప్తి మాపని బాగా వాడుకలో ఉంది: 5 వాక్యాలు, ఒక్కోదానికి 1 నుంచి 7, మొత్తం 5 నుంచి 35. ఉద్వేగ ప్రజ్ఞకూ శ్రేయస్సుకూ ఉన్న సంబంధంపై వచ్చిన అధ్యయనాలను 2016లో గుదిగుచ్చి చూస్తే, పరీక్షలతో సహసంబంధం (రెండూ ఎంతగా కలిసి పెరుగుతాయో చెప్పే అంకె; 0 అంటే సంబంధం లేదు, 1 అంటే పూర్తిగా ఉంది) 0.22 వచ్చింది, ఉద్వేగ నైపుణ్యాలతో పాటు వ్యక్తిత్వ లక్షణాలనూ కలిపి అడిగే మిశ్రమ ప్రశ్నావళులతో 0.38. ఆ అంకెలను వాటితోనే గుణించి (వర్గం చేసి) చూడండి: శ్రేయస్సులోని తేడాల్లో మొదటిది దాదాపు 5 శాతాన్ని, రెండోది 14 శాతాన్ని పంచుకుంటోంది.

ఈ తేడాకు ఒక కారణం ప్రశ్నల్లోనే ఉంది. పెట్రైడ్స్ ప్రశ్నావళిలోని 15 విభాగాల్లో సంతోషం, ఆశావాదం, ఆత్మగౌరవం కూడా ఉన్నాయి. సంతోషాన్ని సంతోషంతో పోలిస్తే సంబంధం కనబడక ఏమవుతుంది? బార్-ఆన్ మాపనిని 2011లో సవరించినప్పుడు సంతోషాన్ని ప్రజ్ఞ స్కోరు నుంచి తీసి విడిగా పెట్టారు. మా దృష్టిలో అది సరైన దిద్దుబాటు.

అందుకే ఇలాంటి అధ్యయనంలో ముందు చూడాల్సింది సాధనం పేరు. తర్వాత ప్రజ్ఞ మాపని, శ్రేయస్సు మాపని వాక్యాలను పక్కపక్కన పెట్టి, ఒకేలా ఉన్నవాటిని తీసేసి మళ్లీ లెక్కించారా అని చూడాలి. ఆందోళన పడే స్వభావం, కలుపుగోలుతనం వంటి వ్యక్తిత్వ లక్షణాలను మినహాయించాక ఎంత మిగిలిందో కూడా తేల్చాలి. ప్రజ్ఞనూ శ్రేయస్సునూ ఒకేసారి కొలిచి ఆపేస్తే, ఏది దేనికి కారణమో తెలియదు: మనసు బాగున్న రోజున ఎవరైనా తమ ఉద్వేగాలు తమ చేతిలోనే ఉన్నాయని రాస్తారు.