చిత్రిక మొరాయిస్తే

చిన్నూకీ, బుజ్జికీ తాతయ్య ఆశీస్సులు.

పెరటి షెడ్డులో వేపచెక్కతో పీట చేస్తున్నారట. చిత్రిక ఒకవైపు నుంచి తోస్తే జారుతోందట, పలక తిప్పి తోస్తే పెచ్చులు లేపేస్తోందట. "చిత్రిక పాడైందా తాతయ్యా?" అని బుజ్జి అడిగింది. మరలు తిప్పడం ఆపండి ముందు.

చెక్కని నున్నగా గీసే చిత్రిక అంటే దిమ్మలో బిగించిన గడ్డం గీసే కత్తి లాంటిది, అంతే. ఆ కత్తే ఉలి. సెలూన్‌లో పెద్దాయన కత్తిని ముందు తోలుపట్టీ మీద రుద్దుతాడు కదా? మీరూ ఉలి ఊడదీసి, అంచుని వెలుతురుకి ఎదురుగా పట్టి చూడండి. పదునున్న అంచు కంటికి ఆనదు. సన్నటి తెల్లగీత మెరిసిందా, అక్కడ మొద్దుబారింది. ఏటవాలు వైపు 25 నుంచి 30 డిగ్రీల వాలులో సానరాయి మీద నూరాలి. వెనకవైపు వేలికి గరుగ్గా తగిలేదాకా నూరి, ఆ గరుకు పోయేలా వెనకవైపుని రాయికి పూర్తిగా ఆనించి రుద్దాలి. ఇది మీ నాన్న పక్కనుంటేనే.

ఇక గడ్డం. వెంట్రుక వాలినవైపు గీస్తే నున్నగా వస్తుంది, ఎదురు గీస్తే మండుతుంది. చెక్కలో నారకీ వాలు ఉంటుంది. పలక పక్క అంచు చూడండి. మీరు తోసే దిక్కుకి గీతలు పైకెక్కుతుంటే సరే. దిగుతుంటే ఉలి ఆ గీత వెంబడే లోపలికి దూరి చీల్చేస్తుంది. పాపం, చిత్రిక తప్పేం లేదు. అయితే మీరు ఎంచుకున్నది వేప. దాని నార ఒక్కో పొరకీ దిక్కు మార్చుకుంటుంది, ఎటు తోసినా ఎక్కడో ఒకచోట లేస్తుంది. అలాంటప్పుడు ఉలిని వెనక్కి తీసి, చెక్క పొట్టు కాగితంలా పల్చగా వచ్చేలా పెట్టుకోండి. ఉలి మీద బిగించిన రెండో రేకుని అంచుకి అర మిల్లీమీటరు దూరంలోకి జరపండి. చీలిక ముందుకి పాకేలోపే అది పొట్టుని వంచేస్తుంది. కత్తి మీద ఇలాంటి రేకు ఉండదు కాబట్టి నా పోలిక ఇక్కడ ఆగాలి. కానీ సబ్బు సంగతి చెప్పకుండా ఎలా? గడ్డానికి సబ్బు ఎలాగో, చిత్రికకి మైనం అలాగ. దాని అడుగున కొవ్వొత్తితో రెండు గీతలు గీయండి, ఎంత తేలిగ్గా జారుతుందో చేతికే తెలుస్తుంది.

మా ఊళ్ళో రచ్చబండ దగ్గర వడ్రంగి పెద్దాయన టేకు గుమ్మాలు చేసేవాడు. టేకులో ఇసుకలాంటి సిలికా ఉంటుంది, పదుని తినేస్తుంది. అందుకే ఆయన పక్కన సానరాయి, నీళ్ళ ముంత ఎప్పుడూ ఉండేవి. మేం చుట్టలు చుట్టుకున్న పొట్టుని గాజుల్లా తొడుక్కునేవాళ్ళం, మిగిలింది పొయ్యిలోకి. ఆయన చూపు పలక మీద కంటే పొట్టు మీదే ఉండేది. "సర్ర్"మని కాకుండా "కటకట"మంటే చెయ్యి ఆగిపోయేది. ఉలి గట్టిగా కూర్చోలేదన్నమాట. పలక మీద చిన్నచిన్న అలలు పడేది అందుకే. పొట్టు ఒక పక్కే మందంగా వస్తే ఉలి వంకరగా ఉన్నట్టు. చిత్రిక నోట్లో, అంటే ఉలి బయటికొచ్చే సందులో, పొట్టు కుక్కుకుపోతే ఉలికీ రెండో రేకుకీ మధ్య ఖాళీ ఉన్నట్టు. పనిముట్టుని తిట్టేవాళ్ళు ముందు పొట్టుని చూడరు, పెద్దవాళ్ళూ అంతే.

క్రీ.శ. 79లో వెసూవియస్ బూడిదలో పూడిపోయిన పాంపే ఊళ్ళోనూ చిత్రికలు దొరికాయి. ఆ రోజుల్లోనూ పొట్టు ఇలాగే చుట్ట చుట్టుకుని లేచి ఉంటుంది కదా! ఎందుకు చుట్టుకుంటుందని చిన్నూ అడుగుతాడు, నాకు తెలుసు. ఓసారి మందంగా, ఓసారి పల్చగా తీసి, రెండు చుట్టలూ పక్కపక్కన పెట్టి చూడమను.

చిత్రిక పక్కన పెట్టేటప్పుడు పక్కకి ఒరిగించండి. నార వాలు చూశాక పలక మీద పెన్సిలుతో బాణం గుర్తు వేసుకుని, అప్పుడు తోయండి.

మీ తాతయ్య