గోరుతో గీస్తే తెల్లటి చార

డిసెంబరులో ముంజేతి మీద గోరుతో ఒక గీత గీసి చూడండి. బలపంతో గీసినట్టు తెల్లగా చార పడుతుంది, చిన్నప్పుడు బడిలో ఒకరి చేతుల మీద ఒకరం పేర్లు రాసుకున్నది దీంతోనే. ఇప్పుడు ఆ చార మీద ఒక్క చుక్క కొబ్బరి నూనె రుద్దండి. మాయం! లేచిన పొట్టు ఎక్కడికీ పోలేదు, కంటికి ఆనడం మానేసిందంతే. నన్నడిగితే చలికాలం మేకప్ కథంతా ఈ చారలోనే ఉంది.

చర్మం పైపొర అంటే చచ్చిన కణాల వరుసలు, ముఖం మీద ఆ వరుసలన్నీ కలిపినా మిల్లీమీటరులో యాభయ్యో వంతుకు మించదు. పెంకుటింటి కప్పులా ఒకదాని మీద ఒకటి సర్దుకుని ఉంటాయి, మధ్యలో సెరమైడ్లు, కొలెస్ట్రాల్ లాంటి కొవ్వులు అతుకు వేస్తాయి. నీళ్లు తగ్గాయా, పెంకుల అంచులు పైకి లేస్తాయి, సందుల్లో గాలి దూరుతుంది, దాంతో వెలుగు లోపలికి పోకుండా అటూ ఇటూ చెదిరిపోయి మన కంటికి తెల్లగా కనపడుతుంది. రాతి ఉప్పు గళ్లు అద్దంలా ఉండి, దంచగానే తెల్లబడటం కూడా ఇదే. నూనె ఆ సందుల్లోంచి గాలిని తోసేస్తుంది కాబట్టి అసలు రంగు బయటికొస్తుంది.

మా పిన్ని కూతురి పెళ్లి ఆదిలాబాద్‌లో, కార్తీక మాసంలో, తెల్లవారుజామున నాలుగున్నరకి ముహూర్తం. బ్యూటీషియన్ ఫౌండేషన్ వేసి, దాని మీద కాంపాక్ట్ అద్దింది. ముక్కు పక్కన పొట్టు లేచినట్టు కనపడితే మళ్లీ అద్దింది. నేను పక్కనే హెయిర్‌పిన్నులు పట్టుకుని నిలబడి చూస్తున్నా, అద్దేకొద్దీ పౌడరు లేచిన అంచులకే పట్టుకుంటోంది, నున్నగా ఉన్నచోట జారిపోతోంది. జీలకర్ర బెల్లం వేళకి నోటి చుట్టూ సున్నం పెచ్చులు! పాపం ఆవిడ తప్పు కూడా కాదులెండి. ఆ పౌడర్లలో ఉండే టాల్క్, సిలికా పని నూనె పీల్చడం, ఏప్రిల్లో అవి దేవుళ్లే. కానీ చలికి ముఖం మీద జిడ్డు తగ్గిపోతుంది, ఇక పీల్చడానికి ఏముంది?

పొగమంచు కురుస్తుంటే చర్మం ఎండటమేమిటి అని నాకూ చాలాకాలం అర్థం కాలేదు. లెక్క చూస్తే తేలికే. 30 డిగ్రీల దగ్గర ఒక ఘనపు మీటరు గాలి 30 గ్రాముల దాకా నీటి ఆవిరిని మోయగలదు, 15 డిగ్రీల దగ్గర 13 గ్రాములే. పొగమంచులో గాలి నిండుగానే ఉన్నట్టు, కానీ ఆ నిండుతనం 13 గ్రాములకే. అదే గాలి 33 డిగ్రీల వెచ్చటి బుగ్గకి తగలగానే వేడెక్కి, ఇంకో ఇరవై గ్రాములకి పైగా చోటు చేసుకుని, మన చర్మంలోంచే లాక్కుంటుంది. అమెరికాలో మనవాళ్ల ఇళ్లలో హీటర్ చేసేదీ ఇదే, ఇంకా గట్టిగా. వైజాగ్, కాకినాడ వాళ్లకి సముద్రం పుణ్యమా అని ఇంత బాధ ఉండదు.

కాబట్టి మార్చాల్సింది ఫౌండేషన్ కాదు, దాని కిందది. వేడి నీళ్లూ సబ్బూ ఆ అతుకు కొవ్వుని కడిగేస్తాయి, అందుకని గోరువెచ్చటి నీళ్లు చాలు. ముఖం పూర్తిగా తుడుచుకోకముందే, ఆ తడి మీదే గ్లిజరిన్ ఉన్న మాయిశ్చరైజర్, పొట్టు లేచేచోట మాత్రం పైన గోరంత వాసెలిన్. పది నిమిషాలు ఆగండి. తొందరపడితే ఫౌండేషన్ జారుతుంది. పౌడరు నుదుటికి, ముక్కుకి చాలు, బుగ్గల జోలికి పోవద్దు. మన నలుగులో ముందు నూనె పట్టించి తర్వాతే సున్నిపిండి రుద్దుతారు చూడండి, ఈమధ్య జిడ్డని నూనె మానేసి ఉత్త పిండితో కానిచ్చేస్తున్నారు. పెళ్లికూతురి చర్మం ఎండదా మరి! కొబ్బరి నూనె మాత్రం మొటిమలొచ్చే ముఖానికి వద్దు.

పెదాల సంగతి వేరే. వాటికి జిడ్డు గ్రంథులు దాదాపు లేవు. మ్యాట్ లిక్విడ్ లిప్‌స్టిక్‌లో ద్రావకం ఆరిపోయి, బిగుసుకున్న పొర ఒకటి మిగులుతుంది, కింద పెదవి పగిలితే అదీ పగులుతుంది. నాలుకతో తడుపుకుంటే ఆ తడి ఆరుతూ ఉన్న తేమనీ పట్టుకుపోతుంది. ఈ మూడు నెలలు మామూలు క్రీమ్ లిప్‌స్టిక్ వాడుకోండి, కప్పుకి అంటితే అంటింది.

ఎండ తక్కువని సన్‌స్క్రీన్ మానేయడం నాకు అస్సలు నచ్చని సలహా. డిసెంబరు 22న మిట్టమధ్యాహ్నం లండన్‌లో సూర్యుడు 15 డిగ్రీల ఎత్తుకే వస్తాడు, హైదరాబాద్‌లో 49 డిగ్రీలు. వాళ్ల చలికాలం మనది కాదు.

కాటుక పెన్సిల్లో ఉండేది మైనం, నూనె. 24 డిగ్రీల దిగువన కొబ్బరి నూనే సీసాలో గడ్డకడుతుంటే, పొద్దున్నే ఆ పెన్సిల్ కంటికి గుచ్చుకోదా? మూత పెట్టి రెండు నిమిషాలు గుప్పిట్లో పట్టుకుంటే మెత్తబడుతుంది, మాయిశ్చరైజర్ ఇంకడానికి ఆగే ఆ పది నిమిషాల్లోనే ఈ పనీ అయిపోతుంది.