ఎయిర్ హోస్టెస్ సర్టిఫికెట్ ఇచ్చేదెవరు?

ఇంటర్ ఫలితాలు వచ్చాయంటే నెల్లూరులో ఈఏపీసెట్, నీట్ కోచింగ్ కరపత్రాల పక్కనే ‘ఎయిర్ హోస్టెస్ డిప్లొమా’ కరపత్రాలూ కనిపిస్తాయి. జిల్లాలో విమానాశ్రయం లేదు. దగదర్తి దగ్గర కడతారన్న మాట ఏళ్లుగా వింటూనే ఉన్నాం. విమానం ఎక్కాలంటే రేణిగుంటకో చెన్నైకో పోవాలి. ఉదయగిరి, వింజమూరు వైపు తల్లిదండ్రులకు ఈ కొలువు సంగతి తెలిసినవాళ్లు దొరకడమే కష్టం. దాంతో కరపత్రంలో రాసిందే నమ్మి ఫీజు కడుతున్నారు. ఆ డిప్లొమాతోనే అర్హత వస్తుందా? రాదు. ఎందుకు రాదో ఈ వృత్తి చరిత్రలోనే ఉంది.

1930 మే 15న అమెరికాలో ఎలెన్ చర్చ్ తొలి మహిళా సిబ్బందిగా విమానం ఎక్కింది. ఆమె నర్సు. అప్పట్లో నర్సింగ్ చదివినవాళ్లనే తీసుకునేవారు. రెండో ప్రపంచ యుద్ధంలో నర్సులు సైన్యానికి అవసరమయ్యాక ఆ షరతు పోయింది. ఆ తర్వాత చాలాకాలం కంపెనీలు చూసింది వయసు, బరువు, పెళ్లయిందా లేదా అన్నదే. మన ఎయిర్ ఇండియాలో తొలి గర్భంతోనే ఉద్యోగం పోయేది. 1981లో ఎయిర్ హోస్టెస్ నర్గేష్ మీర్జా కేసులో సుప్రీంకోర్టు ఆ నిబంధనను కొట్టేసింది. చేరిన నాలుగేళ్లలోపు పెళ్లి చేసుకోకూడదన్న షరతును మాత్రం ఉంచేసింది. ఆ సగం న్యాయం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

శిక్షణను మార్చింది ప్రమాదాలే. 1989 జనవరిలో ఇంగ్లండ్‌లోని కెగ్‌వర్త్ దగ్గర బోయింగ్ 737 ఎడమ ఇంజిన్ చెడిపోతే, పైలట్లు పొరపాటున కుడి ఇంజిన్ ఆపేశారు. మంట ఎడమవైపున రావడం వెనకున్న క్యాబిన్ సిబ్బంది (ప్రయాణికులను చూసుకునేవాళ్లు) చూశారు. ఆ మాట కాక్‌పిట్‌కు చేరలేదు. 47 మంది చనిపోయారు. పైలట్లకూ క్యాబిన్ సిబ్బందికీ కలిపి శిక్షణ ఇవ్వాలన్న వాదనకు ఆ ప్రమాదం బలమిచ్చింది. 2024 జనవరి 2న టోక్యోలో తగలబడుతున్న జపాన్ ఎయిర్‌లైన్స్ విమానం నుంచి 379 మందీ ప్రాణాలతో బయటపడ్డారంటే అందులో సిబ్బంది సాధన పాత్ర చాలా ఉంది.

ఇలా ప్రయాణికులను బయటపడేయడం సిబ్బంది పనే కాబట్టి, మన 1937 విమాన నిబంధనల్లోని 38బి నిబంధన కూడా వాళ్ల సంఖ్యను సీట్ల లెక్కన నిర్ణయిస్తుంది. 10 నుంచి 50 సీట్లకు ఒకరు, 99 వరకు ఇద్దరు, ఆపైన ప్రతి 50 సీట్లకు, 50లో కొంత మిగిలినా సరే, మరొకరు. 186 సీట్ల ఎయిర్‌బస్ ఏ320 విమానంలో కనీసం నలుగురుండాలి.

అభ్యర్థికి 18 ఏళ్లు నిండాలి, ఇంటర్ పాసవ్వాలి, వైద్య పరీక్షలో నెగ్గాలి. ఎయిర్‌లైన్ ఎంపిక చేసుకున్నాకే అసలు చదువు మొదలవుతుంది. పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ఆమోదించిన శిక్షణలో మంటలార్పడం, అత్యవసర స్లైడ్ (జారుడుబల్ల) మీదుగా ప్రయాణికులను దించడం, విమానం నీళ్లలో దిగితే చేయాల్సిన పనులు, ప్రథమ చికిత్స, ప్రమాదకర సరుకుల గుర్తింపు నేర్పుతారు. విమానం రకం మారితే దానికీ విడిగా శిక్షణ ఉంటుంది. ఏటా మళ్లీ పరీక్షిస్తారు. అమెరికాలో 2003 చట్టం వచ్చాక ప్రభుత్వ సంస్థే ఒక్కొక్కరి పేరిట ధ్రువపత్రం ఇస్తోంది. మన దగ్గర పైలట్‌కు ఉన్నట్టు క్యాబిన్ సిబ్బందికి సొంత లైసెన్స్ లేదు.

డిప్లొమాలో నేర్పే ఇంగ్లిష్, ఇంటర్వ్యూ అలవాటు పల్లె పిల్లలకు పనికొస్తాయి, కాదనను. అయితే అది లేకున్నా ఎయిర్‌లైన్ ఇంటర్వ్యూకి వెళ్లొచ్చు. ఫీజు కట్టేముందు సంస్థవాళ్లను రెండు సంగతులు అడగండి: ఈ కోర్సు చదివితే ఎయిర్‌లైన్ శిక్షణలో ఏ భాగమైనా తగ్గుతుందా? ఉద్యోగం ఖాయమంటే, ఆ మాట కాగితం మీద రాసిస్తారా?