కళ్ళజోడు దాచేసిన మూలలు

గండికోటలో పెన్నా లోయ అంచున నిలబడి సాయంత్రపు ఎండలో తీసిన ఫొటో అది. ఎర్రటి బండలు, కింద నది, అంతా కుదిరిందనుకున్నా. కడపకొచ్చి కంప్యూటర్లో తెరిస్తే ఎడమ మూలలో ఎవరిదో మోచెయ్యి, దాని పక్కన సగం వాటర్ బాటిల్. తీసేటప్పుడు అవేవీ కనబడలేదు. నా పరధ్యానం కొంత ఉంటే ఉండొచ్చు గానీ, ఎక్కువ తప్పు కళ్ళజోడుదే.

కెమెరాలో కన్ను పెట్టి చూసే కిటికీని వ్యూఫైండర్ అంటారు. దానికి కంటివైపు ఒక చిన్న కటకం ఉంటుంది. దాంట్లోంచి వచ్చే వెలుగంతా కొంచెం వెనక ఒక బుల్లి గుండ్రటి మచ్చలోంచి పోతుంది. కంటిపాప సరిగ్గా అక్కడుంటే ఫ్రేమ్ నాలుగు మూలలూ ఒకేసారి కనిపిస్తాయి. కటకం నుంచి ఆ చోటికున్న దూరమే ఐ పాయింట్. కన్ను ఇంకా వెనక్కి జరిగిందా, నడిమి నుంచి వచ్చే కిరణాలు పాపలోకి దూరతాయి, అంచుల నుంచి ఏటవాలుగా వచ్చేవి పక్కకు పోతాయి. మాయమయ్యేది ఎప్పుడూ మూలలే. ఫొటో చెడేది కూడా అక్కడే.

కళ్ళజోడు అద్దం కంటికి సుమారు 12–14 మి.మీ. ముందుంటుంది. దానికి అద్దం మందం, వ్యూఫైండర్ రబ్బరు అంచు కలపండి. ఐ పాయింట్ 15 మి.మీ. ఉన్న కెమెరాతో మనకు తిప్పలే. 20 దాటితే కాస్త హాయి. ఈ దూరాన్ని కొందరు కటకం నుంచి, కొందరు వ్యూఫైండర్ చట్రం అంచు నుంచి కొలుస్తారు కాబట్టి అంకెను నమ్మేకంటే షాపులో కళ్ళజోడుతోనే చూసి కొనడం మేలు.

1980లో వచ్చిన నికాన్ ఎఫ్3 కెమెరాకి 1982లో హెచ్‌పీ (హై ఐపాయింట్) అనే రకం తెచ్చారు. దాని ఐ పాయింట్ 25 మి.మీ. బదులుగా వ్యూఫైండర్‌లో కనబడే బొమ్మ 0.8 రెట్ల నుంచి 0.75 రెట్లకు తగ్గింది. బొమ్మ పెద్దగా కావాలంటే కన్ను దగ్గరికి రావాలి. ఈ బేరం ఇప్పటికీ తెగలేదు.

“అద్దాలు తీసేసి చూడన్నా, పక్కన డయాప్టర్ చక్రం ఉంది కదా” అన్నాడు మా స్టూడియో కుర్రాడు. నిజమే, వ్యూఫైండర్‌ను కంటి పవర్‌కు తగ్గట్టు సరిచేసే ఆ చక్రం చాలా కెమెరాల్లో సుమారు −3 నుంచి +1 దాకా తిరుగుతుంది. కానీ సిలిండర్ పవర్‌ను (ఆస్టిగ్మాటిజంను) అది సరిచేయదు, నాకున్నది అదే. పైగా లోయ అంచున అద్దాలు తీసి నిలబడే ధైర్యం నాకు లేదు. వెనక స్క్రీన్ చూద్దామంటే మన ఎండలో ఏమీ కనబడదు.

అందుకే ఇప్పుడు ముందు నడుమ చూసి కుదుర్చుకుంటాను. తర్వాత కన్ను కొంచెం కొంచెం జరుపుతూ నాలుగు మూలలూ తిరిగొస్తాను. అప్పుడే మీట నొక్కడం. కొన్ని కెమెరాల వ్యూఫైండర్ ఎటూ ఫ్రేమ్‌లో 95 శాతమే చూపిస్తుంది, కాబట్టి కోసుకోవడానికి చుట్టూ కాస్త ఖాళీ కూడా వదులుతాను. వ్యూఫైండర్‌లో బుల్లి స్క్రీన్ ఉండే మిర్రర్‌లెస్ కెమెరాలు కొన్నింట్లో లోపలి బొమ్మనే చిన్నది చేసుకునే వీలుంది, అది ఇంకా సులువు.

మొన్న మళ్ళీ గండికోట వెళ్ళాను. మూలలు తిరిగొస్తుంటే కుడివైపు కింద ఒక మేక తల పెట్టింది. దాన్ని మాత్రం ఉండనిచ్చాను.