మనవైపు లైబ్రరీల్లో బ్రెయిలీ పద్యం ఎందుకు కనిపించదు?

ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు ఏ లైబ్రరీకైనా వెళ్లి తెలుగు కవిత్వం ఎక్కడుందని అడిగితే ఏదో ఒక మూల చూపిస్తారు. అదే తెలుగు బ్రెయిలీ (చూపులేనివాళ్లు వేలితో తడిమి చదివే చుక్కల లిపి) అడగండి, అడిగినవాళ్లనే వింతగా చూస్తారు. ఇందుకు లైబ్రేరియన్లను తిట్టుకుని లాభం లేదు, సంగతి చాలా వెనక నుంచి వస్తోంది.

1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరుపడేదాకా గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలోదే. 1914లో బెజవాడలో గ్రంథాలయ సంఘం పుట్టి ఊరూరా పఠనాలయాలు లేస్తున్న రోజుల్లో మనమూ ఆ గాలిలోనే ఉన్నాం. తర్వాత 1936లో రాష్ట్రాల మధ్య గీత పడింది. గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడి వదిలి రాజమండ్రి వెళ్లిపోయిందీ ఆ ఏడాదే (సవర గిరిజనుల మధ్య తిరిగి మలేరియా తెచ్చుకుని, క్వినైన్ మింగి మింగి వినికిడి పోగొట్టుకున్న మనిషి, చదువు అందరికీ అందాలని చివరిదాకా పోట్లాడాడు). మద్రాసు గ్రంథాలయ చట్టం వచ్చింది 1948లో, అంటే మనం బయటికొచ్చిన పన్నెండేళ్లకు. ఆంధ్రప్రదేశ్‌కు 1960లో చట్టమూ, ఇంటిపన్ను మీద లైబ్రరీల కోసం సెస్సూ వచ్చాయి. ఒడిశా చట్టానికి 2001 దాకా ఆగాల్సి వచ్చింది. ఆ సెస్సు డబ్బు ఆంధ్ర సరిహద్దు ఊరు ఇచ్ఛాపురం దాటదు, ఇటువైపు కొనే జాబితాలో తెలుగు ముందుండదు.

ఇక బ్రెయిలీ. లూయీ బ్రెయిలీ తన పద్ధతిని 1829లో అచ్చేశాడు గానీ, మన దేశానికి వచ్చేసరికి తలా ఒక పద్ధతి, ఒకరి పుస్తకం ఇంకొకరు చదవలేని గందరగోళం. యునెస్కో పూనుకున్నాక 1951లో మన భాషలన్నిటికీ కలిపి భారతి బ్రెయిలీ ఖాయమై ఆ గొడవ తీరింది. సరిహద్దు జనానికి ఇందులో ఉన్న సుఖం ఎవరూ చెప్పరు: లిపి ఏదైనా ఒకే శబ్దానికి ఒకే చుక్కలు. బ్రెయిలీలో ఒక్కో గడిలో ఆరు చుక్కలకు చోటుంటుంది, 'క' అంటే తెలుగులోనైనా ఒడియాలోనైనా అందులో 1, 3 చుక్కలే. 'రామ' రాయాలంటే ర, దీర్ఘం, మ, మూడు గళ్లు. ఒడియా పిల్లాడి వేలికి తగిలేవీ అవే మూడు. హ్రస్వాలు ఎ, ఒ మాత్రం ఒడియాలో లేవు, వాటిని విడిగా నేర్చుకోవాలి.

ఫోనే చదివి వినిపిస్తుంటే ఇంకా బ్రెయిలీ దేనికి అంటారు. వార్తలకైతే సరే. పద్యం దగ్గర ఫోన్ గొంతు తేలిపోతుంది. సంధిలో ఎక్కడ విరవాలో దానికి తెలియదు, పాదం ఎక్కడ ముగిసిందో వినేవాళ్లకు అందదు. వేలి కింద పాదం పాదంలాగే ఉంటుంది. ఆటవెలది పాదం నలభై గళ్ల వరసలో హాయిగా పడుతుంది. ఉత్పలమాల అలా కాదు, పాదానికి 20 అక్షరాలు, గుణింతం ఉంటే ఇంకో గడి, ఒత్తు ఉంటే మరో రెండు, అందుకని తరచూ కింది వరసలోకి జారుతుంది. జారిన ముక్కను కొంచెం లోపలికి జరపకపోతే కొత్త పాదం మొదలైందనుకుంటారు. వచనంలా కలిపి కొట్టేశారా, ఆ పద్యం గోవిందా.

చాలాకాలం కాపీరైట్ అడ్డమన్నారు. కాపీరైట్ చట్టానికి 2012లో వచ్చిన సవరణతో అదీ పోయింది, చూపులేనివాళ్లకు పుస్తకాలు అందేలా కాపీరైట్ సడలించే మరకేష్ అంతర్జాతీయ ఒప్పందాన్ని 2014లో అందరికన్నా ముందు ఆమోదించింది మన దేశమే. అయినా మన పాత శతకాలకు కాపీరైట్ ఎప్పుడుందని!

ఎక్కడైనా ఒకటీ అరా బ్రెయిలీ పుస్తకాలుంటే బీరువాలో ఒకదాని మీద ఒకటి పడుకోబెడతారు, బరువుకు చుక్కలు అణిగిపోతాయి. వాటిని నిలబెట్టాలి, అదీ కవిత్వం అరలోనే, అచ్చు శతకం పక్కన బ్రెయిలీ శతకం, అర అంచున తెలుగు, ఒడియా, బ్రెయిలీ మూడింటిలో చీటీ. చూపున్న పిల్లలు కూడా ఇదేమిటని తడిమి చూస్తారు. పుస్తకాలు లేవంటారా, బ్రెయిలీ పార్సిల్‌కు మామూలు పోస్టులో 7 కిలోల దాకా స్టాంపు ఖర్చు లేదు. విశాఖ నుంచో హైదరాబాద్ నుంచో తెప్పించమని పాఠకులే అర్జీ పెట్టొచ్చు, ఒడియా పాఠకులతో కలిసి సంతకాలు చేస్తే ఇంకా మంచిది.