గరికకు చిల్లులు పొడిచే కాలం

గోల్ఫ్ మైదానం బాగా నిగనిగలాడే రోజుల్లోనే దాన్ని చెడగొడతారు. చల్లటి దేశాల్లో ఆగస్టు చివరి నుంచి అక్టోబరు దాకా ఇది మామూలే. బంతిని గుంతలోకి దొర్లించే చోటును గ్రీన్ అంటారు. అక్కడ గడ్డిని 3 మిల్లీమీటర్ల ఎత్తుకు కత్తిరిస్తారు. అంత నున్నటి చోట వేలకొద్దీ చిల్లులు పొడిచి, పైన ఇసుక చల్లుతారు. ఆడేవాళ్ళు సణుగుతూనే ఉంటారు.

వరంగల్‌లో గోల్ఫ్ ఆడేవాళ్ళను వెతకాల్సిందే గానీ, ఆ గడ్డి మాత్రం మనకు కొత్త కాదు. వెచ్చటి ప్రాంతాల గోల్ఫ్ మైదానాల్లో పెంచే బెర్ముడా గడ్డి, మనం వినాయక చవితికి తెంపుకొచ్చే గరికే. అమెరికాలోని టిఫ్టన్‌లో గ్లెన్ బర్టన్ అనే శాస్త్రవేత్త దీన్ని ఆఫ్రికా గరికతో కలిపి, గ్రీన్‌లకు పనికొచ్చే సన్నటి సంకరాలు తయారుచేశాడు. అవి విత్తనం కట్టవు, తీగ ముక్కలు నాటాల్సిందే. మన కాలేజీ మైదానాల్లో ఉన్నది ఎక్కువగా నాటు గరికే అయినా నేల బాధ ఒకటే.

వేళ్ళకూ గాలి కావాలి. మట్టి రేణువుల మధ్య సందుల్లో కొంత నీరు, కొంత గాలి ఉంటేనే వేరు లోతుకు దిగుతుంది. జనం నడిచి, బండ్లు తిరిగి ఆ సందులు మూసుకుపోతే వాన నీళ్ళు పైనే నిలుస్తాయి, వేరు పైపైనే పాకుతుంది. తడి నేలకు ఈ నష్టం మరీ ఎక్కువ. నీటి వల్ల రేణువులు సులువుగా జరిగి, అడుగు పడగానే దగ్గరకు బిగుసుకుంటాయి. మన దగ్గర ఎంగిలిపూల నాటి నుంచి సద్దుల దాకా బతుకమ్మ ఆటలు ఆ తడి రోజుల్లోనే వస్తాయి, వెంటనే దసరా జనం. అలాగని ఆడొద్దని ఎవరంటారు? ఆడాక నేలకు కాస్త చాకిరీ చేయాలి, అంతే.

చిల్లులు పొడిచే యంత్రానికి గొట్టాల్లాంటి ఇనుప పుల్లలుంటాయి. అవి వేలెడు లోతుకు దిగి మట్టిని పెకలించి బయట పడేస్తాయి. అర అంగుళం వెడల్పు చిల్లు, రెండంగుళాలకు ఒకటి చొప్పున పొడిస్తే పోయే నేల ఎంతో లెక్కేస్తే 5 శాతమే. గడ్డపారతో పొడిచినా చిల్లే కదా అనొచ్చు. గడ్డపార మట్టిని బయటికి తీయదు, పక్కకు నొక్కుతుంది. యంత్రం దొరకని చోట ఏమీ చేయకపోవడం కన్నా అది నయం.

ఇక ఎప్పుడు చేయాలన్నది. స్కాట్లండ్‌లో పెరిగే ఫెస్క్యూ, బెంట్ గడ్డి జాతులకు చల్లదనం ఇష్టం. 15 నుంచి 24 డిగ్రీల మధ్య బాగా ఎదుగుతాయి కాబట్టి వేసవి పోగానే పొడిచిన చిల్లులు త్వరగా పూడతాయి. గరిక తీరు వేరు. జొన్న, మొక్కజొన్న, చెరకులాగే ఇది సీ4 మొక్క, అంటే ఎండవేడిలో ఆహారం బాగా తయారుచేసుకునే రకం. 30 డిగ్రీల వేడిలో ఊపందుకుంటుంది, చలికి మందగిస్తుంది. నిజానికి దీనికి పెద్ద ఎత్తున చిల్లులు పొడవాల్సింది జూన్, జూలైలో. వానలు వెనుదిరిగాక చేసేది రెండో విడత. దాన్ని నవంబరు చివరికి నెడితే చిల్లులు చలికాలమంతా అలాగే ఉండిపోతాయి, ఆ ఖాళీల్లో కలుపు మొలుస్తుంది. తుంగ గనక చేరితే ఇక తలనొప్పే. పైన ఎంత కోసినా లోపలి గడ్డల నుంచి మళ్ళీ లేస్తుంది.

అసలు పొరపాటు జరిగేది చిల్లుల్లో ఏం నింపాలన్న దగ్గర. చెరువు పూడిక మట్టిని చెలకలకు తోలడం మన రైతుల పాత అలవాటు. 2015లో మిషన్ కాకతీయ మొదలయ్యాక అది మరింత ఊపందుకుంది. నీళ్ళు పట్టి ఉంచని ఎర్ర చెలకకు అది నిజంగా మేలు. అదే మట్టిని మైదానం మీద పరిస్తే మాత్రం కీడు. సన్నటి మట్టి సందులు నీటిని గట్టిగా పట్టుకుంటాయి. కింద గరుకు నేల ఉన్నా, పైపొర పూర్తిగా తడిసి నిండేదాకా నీళ్ళు దిగవు. వాన వెలిశాక కూడా పైన చిత్తడిగానే ఉంటుంది.

విచిత్రమేమిటంటే గోల్ఫ్ గ్రీన్ కట్టేటప్పుడు ఇదే సూత్రాన్ని కావాలని వాడుకుంటారు. అమెరికా గోల్ఫ్ సంఘం 1960లో ప్రచురించిన పద్ధతిలో అడుగు మందాన ఇసుక మిశ్రమం, దాని కింద నాలుగంగుళాల కంకర ఉంటాయి. ఇసుకలోని నీళ్ళు కంకర దగ్గర కాసేపు ఆగి వేళ్ళకు అందుతాయి, భారీ వాన పడితే ఒక్కసారిగా కిందికి జారిపోతాయి. అడుగున మేలు చేసేదే పైన ముంచుతుంది.

అందుకే చిల్లుల్లోకి పోయాల్సింది ఇసుకే, అదీ జల్లించినది. ఎక్కువ భాగం రేణువులు 0.25 నుంచి 1 మిల్లీమీటరు మధ్య ఉంటే మంచిది. సన్నటి ఒండ్రు కలిసిన ఇసుకను పోస్తే చిల్లులు మళ్ళీ మూసుకుపోతాయి.

పనికి ముందు వేలెడు లోతు నుంచి పిడికెడు మట్టి తీసి పిసకాలి. నీళ్ళు ఊరి చేతికి బురద అంటితే రెండు మూడు రోజులు ఆగాలి. వరంగల్‌లో అక్టోబరు నెలాఖరు దాకా వ్యవధి ఉంటుంది గానీ, ఆదిలాబాద్‌లో చలి ముందే దిగుతుంది కాబట్టి అక్కడ ఒకటి రెండు వారాలు ముందుగానే ముగించాలి.