ఏడుపుకు పియానోతో జవాబు

1943లో అమెరికాలో లియో కానర్ అనే పిల్లల మానసిక వైద్యుడు పదకొండుమంది పిల్లల గురించి ఒక వ్యాసం రాశాడు. మాట, నలుగురితో కలవడం కష్టమయ్యే ఆటిజం గురించి ఎవరు మాట్లాడినా అక్కడినుంచే మొదలుపెడతారు. అందులో సంగీతం రెండుమూడు చోట్ల తొంగిచూస్తుంది. ఒక బాబు ఏడాది వయసుకే ఎన్నో వరసలు తప్పు పోకుండా కూనిరాగం తీసేవాడట. ఇంకొకడు ఏడాదిన్నరకే పద్దెనిమిది సింఫనీలు గుర్తుపట్టేవాడట. రికార్డు మొదలవగానే "బీథోవెన్" అనేవాడట. కానర్ కంటికి అవి జ్ఞాపకశక్తికి ఆనవాళ్లు. ఆ రాగం ఆసరాతోనే పిల్లాడితో మాట కలపొచ్చన్న ఊహ ఆ వ్యాసంలో లేదు.

మ్యూజిక్ థెరపీ, అంటే సంగీతంతో చేసే చికిత్స, అప్పటికి వేరే చోట పెరుగుతోంది, ఎక్కువగా యుద్ధంలో దెబ్బతిన్న సైనికుల ఆసుపత్రుల్లో. 1950లో అమెరికాలో దానికో జాతీయ సంఘం వచ్చింది. 1958లో బ్రిటన్‌లో చెల్లో వాద్యకారిణి జూలియట్ ఆల్విన్ మరో సంఘం పెట్టింది.

ఆ మరుసటి ఏడాది ఇంగ్లండ్‌లోని సన్‌ఫీల్డ్ అనే పిల్లల ఆశ్రమంలో అమెరికన్ స్వరకర్త పాల్ నార్డాఫ్‌కు, అక్కడి టీచర్ క్లైవ్ రాబిన్స్‌కు జోడీ కుదిరింది. వాళ్ల పద్ధతి చూడ్డానికి వింతగా ఉంటుంది. పిల్లాడు గుక్కపట్టి ఏడుస్తూ గదిలోకొస్తే నార్డాఫ్ ఊరుకోబెట్టేవాడు కాదు. ఆ ఏడుపు ఏ శ్రుతిలో ఉందో విని, పియానో మీద అదే శ్రుతి అందుకునేవాడు. ఏడుపు పెరిగితే వాయిద్యమూ పెరిగేది. పిల్లాడు ఊపిరి తీసుకోడానికి ఆగితే అదీ ఆగేది. ఒక్కోసారి ఆ ఆగిన చోట పిల్లాడు తల తిప్పి చూసేవాడు. రాబిన్స్ పిల్లాడి పక్కనే ఉండి డ్రమ్ దగ్గరికి చెయ్యి అందించేవాడు. సెషన్లన్నీ టేప్ మీద రికార్డు చేసి, తర్వాత ఇద్దరూ కూర్చుని మళ్లీ మళ్లీ వినేవాళ్లు. పిల్లాడు పాట నేర్చుకోవాలన్న పట్టింపు లేదు. వాడు చేసే చప్పుడే పాట.

తల్లి ప్రేమ చూపకపోవడం వల్లే ఆటిజం వస్తుందని పెద్దపెద్ద డాక్టర్లే నమ్మిన రోజులవి. ఆ అన్యాయాన్ని 1964లో అమెరికన్ మనస్తత్వవేత్త బెర్నార్డ్ రిమ్లాండ్ పుస్తకం గట్టిగా ఎదిరించింది.

1990ల్లో ఇంకో గాలి వీచింది. ప్రత్యేకంగా మార్చిన సంగీతాన్ని హెడ్‌ఫోన్లలో వినిపిస్తే చాలన్నారు. దానికి తగిన ఆధారం లేదని 1998లో అమెరికా పిల్లల వైద్యుల సంఘం చెప్పింది. వినిపించడం వేరు, కలిసి వాయించడం వేరు. ఈ రెండింటినీ ఇప్పటికీ కలిపేస్తుంటారు, అదే నా చిరాకు.

ఇక అసలు పరీక్ష. 2017లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనంలో తొమ్మిది దేశాల నుంచి 364 మంది పిల్లలున్నారు, అందరూ నాలుగు నుంచి ఏడేళ్ల వాళ్లు. సగం మందికి మామూలు సేవలతో పాటు ఐదు నెలలు మ్యూజిక్ థెరపీ ఇచ్చారు. ఎవరికి ఇచ్చారో తెలియనివాళ్లు ఆటిజం లక్షణాల స్కేలు మీద మార్కులు వేశారు. రెండు గుంపులకీ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. చాలామంది థెరపిస్టులకు అది పెద్ద దెబ్బే. వాళ్లు ఎదురు ప్రశ్న వేశారు: పిల్లాడు డ్రమ్ ఆపి నా వంతు కోసం చూసిన ఆ క్షణం మీ స్కేల్లో ఎక్కడుంది? ప్రశ్న న్యాయమైనదే. కానీ గదిలో కనిపించిన ఆ చూపు గది బయటికీ వస్తుందా అని తల్లిదండ్రులు అడగడమూ న్యాయమే.

వైద్య పరిశోధనలను కలిపి తూచే కాక్రేన్ సంస్థ సమీక్ష 2022లో 26 అధ్యయనాలను, 1165 మందిని కలిపి చూసింది. మొత్తం మీద మెరుగయ్యే అవకాశం పెరుగుతోందని, జీవన నాణ్యత కూడా బాగుపడుతుండొచ్చని తేల్చింది. మాటలో, నలుగురితో కలవడంలో మాత్రం థెరపీ ముగిసేసరికి స్పష్టమైన తేడా కనిపించలేదంది.